నీటిరంగుల దృశ్యచిత్రంలో ప్రతీక ముందా, వాతావరణం ముందా?

తడికుంచె (ప్రశ్న):

నీటిరంగులతో ప్రకృతి దృశ్యాలు చిత్రించే మిత్రులందరికీ నమస్కారం. కూర్పు, దూరదగ్గరల చిత్రణ, రంగుల మిశ్రమం వంటివి నేర్చుకోవడానికి దారులు చాలానే ఉన్నాయి. చూసేవారి మనసులో ఫలానా భావం నిలిచేలా చిత్రాన్ని ఎలా మలచాలన్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎక్కువమంది బోధకులు ఒక పట్టిక చేతికిచ్చి పక్కకు తప్పుకుంటారు. ఒంటరి చెట్టు ఏకాంతానికి గుర్తు, మలుపు తిరిగిన దారి జీవితానికి గుర్తు, ఖాళీ పడవ ఎడబాటుకు గుర్తు, నీలం విషాదానికి, పసుపు ఉల్లాసానికి అన్నది ఆ పట్టిక. అందులో అబద్ధమేమీ లేకపోవచ్చు. అయినా ఈ గుర్తులన్నీ ఉండి కూడా చప్పగా మిగిలిపోయిన చిత్రాలను చూస్తున్నాం. ఇవేవీ లేకుండా, వట్టి ఆకాశమూ ఒక నీటిచారా తప్ప మరేమీ లేని చిత్రం ముందు నుంచి కదలలేకపోవడమూ మనకు అనుభవమే.

ఇప్పుడు నా బల్ల మీదున్న చిత్రాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. పొద్దు గూకిన తరువాతి సరస్సు; అవతలి ఒడ్డున చెట్ల వరుస; ఇవతలి ఒడ్డున తాడుతో కట్టివేసిన ఖాళీ పడవ. ఎదురుచూపు అన్న భావం కలగాలన్నది నా ఉద్దేశం. చూసినవారందరూ పడవ చాలా బాగా వచ్చిందని మెచ్చుకుంటున్నారు గానీ, ఎదురుచూపు ఊసు ఎవరి నోటా రాలేదు. పడవను తీసేస్తే ఆ చిత్రంలో చెప్పుకోవడానికేమీ మిగలదేమోనన్న సందేహమూ ఉంది.

అందుచేత అనుభవజ్ఞులను అడుగుతున్నాను. ప్రతీకను ముందు ఎంచుకుని దాని చుట్టూ వాతావరణాన్ని అల్లుతారా, వాతావరణం కుదిరిన తరువాత అందులోని ఒక వస్తువు తనంతట తానే ప్రతీకగా మారుతుందా? నీటిరంగుల మాధ్యమానికి ఈ విషయంలో తైలవర్ణాలకు లేని సౌలభ్యం గానీ, ఇబ్బంది గానీ ఏమైనా ఉందా?

గరుకు కాగితం:

తడికుంచె గారూ, నా మటుకు వాతావరణమే ముందు. దానికి నాకు తెలిసిన బలమైన సాక్ష్యం ఆంగ్ల చిత్రకారుడు టర్నర్. స్విట్జర్లాండులోని లూసెర్న్ సరస్సు మీదుగా కనిపించే రిగి పర్వతాన్ని ఆయన 1842లో మూడు పెద్ద నీటిరంగు చిత్రాలుగా వేశారు. వాటిని నీలి రిగి, ఎర్ర రిగి, చీకటి రిగి అని వ్యవహరిస్తారు. కొండ ఒకటే, సరస్సు ఒకటే, చూసే వైపు కూడా దాదాపు ఒకటే. ఒకదానిలో సూర్యుడు ఇంకా కొండ వెనుకే ఉన్నాడు గనుక పర్వతమంతా చల్లని నీలిముద్దగా నిలబడి ఉంటుంది; మరొకదానిలో సాయంకాలపు వెలుగు నేరుగా మీద పడి అదే పర్వతం ఎర్రబారుతుంది; మూడవదానిలో వెలుగు రావడమా మానడమా అన్న సందిగ్ధంలో ఉన్నట్టు కనిపిస్తుంది. కొండ దేనికి ప్రతీక అని ఎవరైనా అడిగితే ఈ మూడింటికీ కలిపి ఒక సమాధానం చెప్పడం సాధ్యం కాదు. వస్తువు మారకుండానే భావం మూడు రకాలుగా మారిందంటే, భావం వస్తువులో లేదనే కదా అర్థం!

మరి ఎక్కడుందంటే, మొట్టమొదట ఛాయల మధ్య దూరంలో ఉందని నేను చెబుతాను. తెల్లకాగితాన్ని ఒకటి అనీ, మనం కలపగలిగిన అత్యంత గాఢమైన ముదురును పది అనీ అనుకుందాం. చిత్రమంతా మూడు నుంచి ఆరు మధ్యలోనే నడిస్తే, అందులో ఏ వస్తువు ఉన్నా సరే, పొగమంచు కమ్మిన ఉదయం తాలూకు మెత్తదనం వస్తుంది. అదే దృశ్యాన్ని ఏడు నుంచి పది మధ్యకు దించి ఒకే ఒక్క చోట కాగితాన్ని తెల్లగా వదిలితే కలిగే ఉత్కంఠ వేరు. మరో ఆంగ్ల చిత్రకారుడు థామస్ గర్టిన్ 1800లో వేసిన 'చెల్సీలో తెల్ల ఇల్లు' చూడండి. థేమ్స్ నది, దిగంతం దాకా చదునైన ఒడ్లు, చిత్రంలో సగానికి పైగా ఆకాశం, అంతా మసకబారిన సాయంకాలపు పూతలు. ఆ మసకలో దూరాన ఒక చిన్న ఇల్లు మాత్రం తెల్లగా మెరుస్తుంది; దాని కిందనే నీటిలో ఒక తెల్లని నీడ. ఆ ఇంట్లో ఎవరున్నారో, అది దేనికి గుర్తో చిత్రకారుడు చెప్పలేదు. కిటికీలు కూడా లెక్కపెట్టలేనంత చిన్న ఇల్లది. చుట్టూ ఉన్న మసకను అంత ఓర్పుగా అదుపులో ఉంచడం వల్లనే, ఆ వేలెడైనా లేని తెలుపు చూసేవారికి తమతమ ఇల్లుగా కనిపిస్తుంది. గర్టిన్ రెండేళ్ల తరువాత ఇరవై ఏడవ ఏట చనిపోయారు. ఆ సంగతి తెలిసిన మనం ఆ తెలుపులోకి మరికొంత విషాదాన్ని చదువుకుంటాం, అది వేరే మాట.

మీ రెండవ ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. తైలవర్ణంలో వెలుగును చివరన తెల్లరంగుతో పైన పెట్టవచ్చు. పారదర్శకమైన నీటిరంగుల్లో వెలుగంటే మనం ముట్టుకోకుండా వదిలిన కాగితం. కాబట్టి చిత్రానికి ఆయువుపట్టు ఎక్కడో మొదటి పూత పడకముందే తెలిసి ఉండాలి. తరువాత గోకి వెలుగు తెచ్చుకునే ఉపాయం ఉన్నా, టర్నర్ దాన్ని గోటితో సైతం అద్భుతంగా చేసేవారని చెప్పుకున్నా, అది కాగితపు గరుకును పైకి తెస్తుంది గనుక నీటి మీది మెరుపులకు నప్పినట్టు సంధ్యాకాశపు మెత్తదనానికి నప్పదు.

అంచులు రెండవది. తడి కాగితం మీద పెట్టిన రంగు చుట్టూ పాకి మసక అంచునిస్తుంది. పొడి కాగితం మీద పెట్టినది గీత గీసినట్టు నిలుస్తుంది. గట్టి అంచు కంటిని ఆపుతుంది, మసక అంచు కంటిని పోనిస్తుంది. మీ చిత్రాన్ని నేను చూడలేదు గానీ, అందరూ పడవనే మెచ్చుకుంటున్నారంటే గట్టి అంచులన్నీ దానికే దక్కి ఉంటాయని అనుమానం.

కపోతవర్ణం:

గరుకు కాగితం గారి మాటల్లో చాలావరకు నాకు అభ్యంతరం లేదు. కానీ భావం వస్తువులో లేనే లేదనడం మరీ ఒక వైపుకు ఒరిగిపోవడమే. మన అలంకారశాస్త్రం ఈ చిక్కును ఏనాడో విప్పింది. రసం పుట్టడానికి ఆలంబన విభావం, ఉద్దీపన విభావం అని రెండు కావాలి. చంద్రోదయం, మేఘం, ఉపవనం, నదీతీరం ఇవన్నీ ఉద్దీపనలు. అవి భావాన్ని రగిలిస్తాయి, కానీ ఆ భావం ఎవరిని, దేనిని ఆశ్రయించి ఉందో చెప్పడానికి ఆలంబన ఉండాలి. దృశ్యచిత్రంలో మనిషి లేనప్పుడు ఆ ఆలంబన స్థానాన్ని పడవో, ఇల్లో, ఎండిన మానో తీసుకుంటుంది. గర్టిన్ తెల్ల ఇంటిని తీసేసి చూడండి. మిగిలిన మసక ఎంత గొప్పదైనా దానికి ఆశ్రయం లేదు. కొండ మీద పడిన వెలుగు మారితే భావం మారుతుందన్నది నిజమే, కానీ అక్కడ కొండ అనేది ఉండాలి కదా.

ప్రతీకలను ముందుగానే నిర్ణయించుకుని, వాటితోనే వాతావరణాన్ని నిర్మించిన గొప్ప నీటిరంగు చిత్రకారుడు కూడా ఉన్నాడు. అమెరికాకు చెందిన చార్లెస్ బర్చ్‌ఫీల్డ్ 1917లో, అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేళ్లు, భయం, దిగులు, పిచ్చితనం వంటి మనఃస్థితులకు ఒక్కొక్క ఆకారాన్ని కల్పించి తన కోసం ఒక గుర్తుల మాల తయారు చేసుకున్నారు. వంపు తిరిగిన కొక్కెం లాంటిది, బోలు కళ్ల లాంటిది, సుడి లాంటిది ఇలా ఉంటాయవి. అదే సంవత్సరం వేసిన 'వానకురిసే చలికాలపు రాత్రి చర్చి గంటలు' అన్న చిత్రంలో ఆ ఆకారాలు కిటికీల్లోకి, ఇంటి కప్పుల్లోకి, గోపురంలోకి చేరిపోయాయి. గోపురం ఏదో పక్షి ముఖంలా వంగి చూస్తుంది; ఇళ్లకు కళ్లు మొలిచినట్టుంటుంది. చిన్నపిల్లవాడి రాత్రి భయమంతా అందులో ఉంది. ఆ గుర్తుల మాల గురించి తెలియనివారికి కూడా ఆ భయం అందుతుంది, ఎందుకంటే ఆయన వాటిని చిత్రానికి అతికించలేదు, కిటికీని కిటికీగానే ఉంచి దాని ఆకారాన్ని మాత్రం వంచారు. పట్టికలోని ప్రతీకకూ, బర్చ్‌ఫీల్డ్ ప్రతీకకూ తేడా అక్కడుంది: ఒకటి పదిమందీ వాడి అరగదీసినది, రెండవది ఒక మనిషి తన లోపలి నుంచి పైకి తీసినది.

ఎండిన చెట్టు గురించి కూడా ఒక మాట. మొదటి ప్రపంచయుద్ధంలో పశ్చిమ రణరంగాన్ని చూసిన ఆంగ్ల చిత్రకారుడు పాల్ నాష్ వేసిన 'తీగ' అనే చిత్రం ఉంది; నీటిరంగులూ సిరా వంటి మిశ్రమ మాధ్యమంలో వేసినది. పేలుళ్లకు చీలిపోయిన ఒక మోడు, దాని చుట్టూ ముళ్లకంచె తీగ చుట్టలు, దూరంగా గుంటలు పడిన నేల. మోడు మృత్యువుకు ప్రతీక అన్నది అరిగిపోయిన మాటే. ఆ చిత్రంలో మాత్రం అది అరిగిపోయినట్టు అనిపించదు. ఆ చెట్టు అక్కడ నిజంగా అలా చచ్చింది. వస్తువుకు ఆ స్థలంలో ఉండవలసిన కారణం ఉంటే ప్రతీక దానంతట అదే బలపడుతుంది. అలంకారం కోసం తెచ్చి నిలబెట్టిన మోడుకు ఆ బలం రాదు.

రెండో పూత:

రంగుల పట్టిక గురించి క్లుప్తంగా. పైన చెప్పిన నీలి రిగిలో నీలం విషాదం కాదు, తెల్లవారబోతున్నదన్న నిబ్బరం. దిగంతంలోని పసుపు దాని పక్కన ఉంది గనుక అలా అయింది. ఏ రంగూ ఒంటరిగా ఏ భావాన్నీ మోయదు, పక్క రంగే దానికి అర్థం చెబుతుంది. నాట్యశాస్త్రంలో కరుణ రసానికి చెప్పిన వర్ణం నీలం కాదు, పావురపు బూడిదరంగు. పై మిత్రులు తమ పేరును అక్కడి నుంచే తీసుకుని ఉంటారు. అల్ట్రామెరైన్ అనే ముదురు నీలం, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు కలిపి ఆ బూడిదను తెచ్చుకుంటే, నీలం పాలు పెంచినచోట చలి, సియెన్నా పాలు పెంచినచోట వెచ్చదనం ఒకే పూతలో వస్తాయి. అల్ట్రామెరైన్ రేణువులు కాగితపు గుంటల్లో దిగి నలకనలకగా నిలుస్తాయి గనుక ఆ బూడిదకు ఊపిరి ఉంటుంది. సంధ్యాదృశ్యాన్ని ట్యూబులో సిద్ధంగా దొరికే పేన్స్ గ్రే అనే నీలిబూడిదతో నింపేవారంటే నాకు మాత్రం కొంచెం చిరాకు. ఆకాశం, నీరు, నేల మూడూ ఒకే రేకులోంచి కత్తిరించినట్టు తయారవుతాయి.

తడికుంచె:

ఇంత విపులంగా రాసినందుకు కృతజ్ఞతలు. గరుకు కాగితం గారి అనుమానం నిజమే: పడవ చుట్టూ అంచులన్నీ గట్టివే, చిత్రంలోని అతి ముదురు ఛాయ కూడా దాని పక్కటెముకల దగ్గరే ఉంది, పలకల మధ్య సందులు కూడా విడివిడిగా కనిపిస్తాయి. అవతలి ఒడ్డు చెట్లు ఒకే లేత పూత. అయితే కపోతవర్ణం గారు చెప్పినట్టు ఆలంబన కావాలంటే పడవను అంత స్పష్టంగా ఉంచక తప్పదేమో కదా? దానిని మసకబార్చితే ఇక ఆశ్రయమేముంటుంది?

మసక అంచు:

తడికుంచె గారూ, ఆలంబన ఉండడం వేరు, కంటిని అక్కడే కట్టిపడేయడం వేరు. మీరు కోరుకున్న భావం ఎదురుచూపు. ఎదురుచూపుకు రెండు చోట్లు కావాలి: ఎదురుచూసే చోటు ఒకటి, రావలసినవారు కనిపించవలసిన చోటు ఇంకొకటి. మీ చిత్రంలో మొదటి చోటు మాత్రమే ఉంది. చూపు పడవ దగ్గరికి వచ్చి, పలకల పనితనం చూసి సంతోషించి, అక్కడే కూర్చుంటోంది. అవతలి ఒడ్డుకు వెళ్లడానికి దానికి కారణమేదీ దొరకడం లేదు. అందువల్ల మీది ఎదురుచూపు చిత్రం కాకుండా పడవ చిత్రం అయింది.

కాబట్టి మళ్లీ వేయదలిస్తే చిత్రంలోని అత్యంత తీవ్రమైన వెలుగునీడల భేదాన్ని పడవ దగ్గరి నుంచి తీసి అవతలి ఒడ్డుకు పంపండి. చెట్ల వరుసను అతుకులేని గోడలా వేయకుండా ఒకచోట చిన్న సందు వదలండి; ఆరిపోతున్న ఆకాశపు చివరి వెలుగు ఆ సందులోంచి నీటి మీదకు దిగాలి. ఆ సందుకు రెండు వైపులా ఉన్న చెట్లే చిత్రంలో గట్టి అంచు ఉన్న వస్తువులు కావాలి. దూరం పెరిగేకొద్దీ గాలి కాంతిని చెదరగొట్టడం వల్ల చెట్లు నీలిమ పొంది పలచబడతాయన్న నియమం నాకూ తెలుసు, ఇక్కడ దానిని కొంత పక్కన పెడుతున్నాం. పొద్దు గూకాక ఆకాశానికి ఎదురుగా నిలిచిన చెట్లు దూరంగా ఉన్నా ముదురుగానే కనిపిస్తాయి గనుక చూసేవారికి అసహజమనిపించదు. పడవ ముక్కు ఆ సందు వైపు తిరిగి ఉంటే ఇంకా మంచిది, కానీ సూటిగా గురిపెట్టినట్టు వద్దు.

ఇక పడవ. దానిని చెరిపేయమని అనను, సగం పోగొట్టమంటాను. ఒడ్డు నీడలో ఉన్న పక్కను ఆ నీడతోపాటే ఒకే తడిలో వేయండి, రెండింటి మధ్య గీత ఉండకూడదు. నీటి వైపున్న పక్కను అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నాల చిక్కని మిశ్రమంతో పై అంచు నుంచి కిందికి దించండి. పై అంచు మీద సన్నని పొడి కాగితాన్ని దారమంత వదిలితే చాలు, ఆకాశపు వెలుగు అక్కడ తగిలినట్టే. ఆ పూత మెరుపు పోకముందే, శుభ్రంగా కడిగి పిండిన కుంచెను పడవ అడుగు నీటిని తాకే చోట అడ్డంగా ఒక్కసారి నడపండి. రంగు దానంతట అది కిందికి జారి నీడను పరుస్తుంది. కుంచెలో నీరు ఎక్కువైతే మాత్రం అది ఆరుతున్న రంగును వెనక్కి నెట్టి పువ్వులాంటి మరక చేస్తుంది, కాబట్టి కుంచె తడిగా ఉండాలే తప్ప బొట్టు కారకూడదు. ముదురు వస్తువు నీడ నీటిలో అసలు వస్తువు కంటే కాస్త లేతగా ఉంటుంది. ఈ పద్ధతిలో నీరు కలవడం వల్ల ఆ లేతదనం కూడా మీ ప్రమేయం లేకుండానే వస్తుంది. పలకలూ సందులూ అన్నీ వద్దు, ముక్కు దగ్గర రెండు గీతలు చాలు.

తాడు గురించి ఎవరూ ప్రస్తావించలేదు గానీ, నా దృష్టిలో మీ చిత్రంలో అసలు ప్రతీక అదే. తాడు వదులుగా నీటిలోకి వేలాడుతుంటే నీరు నిశ్చలంగా ఉన్నట్టు, ఎవరో తీరిగ్గా కట్టి వెళ్లినట్టు అవుతుంది. బిగుసుకుని ఉంటే కింద ప్రవాహం ఉన్నట్టు, పడవ వెళ్లాలని చూస్తున్నట్టు అవుతుంది. తెడ్లు పడవలోనే ఉంటే వెళ్లినవారు తిరిగి వస్తారు. తెడ్లు లేకపోతే ఆ పడవను వదిలేశారు. ఇవేవీ చూసేవారు పైకి చెప్పరు గానీ అందరూ గ్రహిస్తారు. మీకు ఎలాంటి ఎదురుచూపు కావాలో తేల్చుకున్నాక వీటిని నిర్ణయించండి.

పెద్ద కాగితం మీదికి వెళ్లేముందు అరచేతి సైజులో మూడు నాలుగు నమూనాలు ఒకే బూడిదరంగుతో వేసి చూడండి. గీతలు అవే ఉంచి ఛాయలు మాత్రం మార్చండి. వాటిలో ఏది చూసినప్పుడు మీ చూపు పడవ దగ్గర మొదలై అవతలికి వెళ్లి, అక్కడ ఏమీ దొరక్క వెనక్కి వస్తుందో అది తీసుకోండి.

కపోతవర్ణం:

తాడు విషయంలో మసక అంచు గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఒక్క చేర్పు: చిత్రానికి 'ఎదురుచూపు' అన్న పేరు పెట్టకండి. పేరు చదివినవారు చిత్రంలో దానిని వెతుక్కుని, దొరికిందనుకుని తృప్తిపడి వెళ్లిపోతారు. చిత్రం ఆ పని చేసిందో లేదో మీకు ఎన్నటికీ తెలియదు. గర్టిన్ చిత్రం పేరులో ఒక ఊరు, ఒక ఇల్లు తప్ప ఏమున్నాయి?

తడికుంచె:

పేరు తీసేస్తాను. ఉన్న చిత్రంలోనే పడవ అంచులను తడిపి లేపవచ్చా, కొత్త కాగితం తీసుకోవాలా?

గరుకు కాగితం:

పడవను ఏ రంగులతో వేశారన్న దానిని బట్టి ఉంటుంది. అల్ట్రామెరైన్, మట్టి రంగులు అయితే తడి చదును కుంచెతో నిమిరి టిష్యూతో అద్దితే చాలావరకు లేస్తాయి. థాలో నీలం వంటి, కాగితపు పీచులోకి ఇంకిపోయే మరకరంగు కలిసి ఉంటే కాగితం పీచు లేవడమే తప్ప రంగు లేవదు. ఏదైనా అవతలి ఒడ్డున మీకు కావలసిన వెలుగు సందు ఇప్పటికే పూత కింద మూసుకుపోయింది, దానిని లేపి తెచ్చినా వదిలిన కాగితానికి ఉన్న తెలుపు రాదు. మూడు వందల జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) మందం, కొద్దిగా గరుకైన కోల్డ్ ప్రెస్‌డ్ కాగితం కొత్తది బిగించుకోండి. ఉన్న చిత్రం మీద పడవను లేపే అభ్యాసం చేసుకోవచ్చు.